వెలుగునకు నిఘంటువు

గోదావరికి వరద వచ్చినప్పుడు జొన్నాడవాసి ఏటిలోనికి దిగి లోతు చూడడు. ధవళేశ్వరమున నీటిమట్టము 11.75 అడుగులైనదని వినగానే మొదటి హెచ్చరిక యనియు, 13.75 అడుగులకు రెండవదనియు, 17.75 అడుగులకు మూడవదనియు గ్రహించి, లంకలోని పశువులను గట్టునకు తోలుకొని వచ్చును. తాను చూడని చోట, తాను ముట్టని నీటిని గూర్చి ఒక అంకె వచ్చి వాకిట నిలిచి చెప్పుచున్నది, అతడు నమ్ముచున్నాడు. ఆ నమ్మకమునకు ఆధారమేమి? ఆనకట్ట కడ నిలిపిన కొలబద్దపై గీతలు సరిగా గీయబడినవనియు, ఏ గీత కెంత ప్రవాహమో ఎన్నో యేండ్లుగా ఓపికతో సరిచూడబడినదనియు గల విశ్వాసమే. గీత తప్పినచో హెచ్చరికయు తప్పును. హెచ్చరికకు ముందు నీరే వచ్చి వాకిట నిలిచిన నేమగునో, 1986 ఆగస్టు వరదను కన్నులార చూచిన గౌతమీతీర వాసులకు మేము వర్ణింప నక్కర లేదు.

నేడు మేము ప్రస్తావింప బూనినది నీటి సంగతి కాదు, నిప్పు సంగతి. దిగి చూడరాని ప్రవాహము మరియొకటి కలదు. వాయువును మిక్కిలి వేడిచేసినచో, లేక దానిగుండ బలమైన విద్యుత్తును పోనిచ్చినచో, పరమాణువులనుండి ఎలక్ట్రానులు విడిపోయి, విద్యుదావేశములు కలిగిన కణముల గుంపుగా అది మారును. దీనినే శాస్త్రజ్ఞులు ప్లాస్మా యందురు. పేరు కొత్తదైనను వస్తువు కొత్తది కాదు. ఆషాఢ మేఘములోని మెరుపు ప్లాస్మా. ఇంటిలోని ట్యూబులైటు గాజుగొట్టములో వెలుగునది ప్లాస్మా. రహదారి ప్రక్క కొట్టులో ఇనుపకమ్మీల నతుకువాడు నల్లటి అద్దము చాటునుండి చూచు నిప్పు ప్లాస్మా. సూర్యుడు సాంతము ప్లాస్మా. ఆ సూర్యుని కడుపులో జరుగు పరమాణు సంలీనమును భూమిమీద ఒక పాత్రలో జరిపించి విద్యుత్తు తీయవలెనని డెబ్బది యేండ్లుగా దేశదేశముల వారు పాటుపడుచున్నారు. దానికి పదికోట్ల డిగ్రీలకు మించిన వేడి కావలెను. అట్టి దానిలో ఏ ఉష్ణమాపకమును ముంచగలము? ముంచిన యెడల మాపకము ఆవిరియగును. అది కరిగి కలిసినందున ప్లాస్మాయు చల్లారును. రోగిని ముట్టకుండ నాడి చూడవలసిన వైద్యుని స్థితి యిది.

అయినను నాడి దొరకుచున్నది. ప్లాస్మానుండి వెలుగు వచ్చుచున్నది. ఆ వెలుగును వర్ణపటముగా విడదీసినచో సన్నని రేఖలు కానవచ్చును. ప్రతి మూలకమునకును తనవైన రేఖలు కలవు. పొయ్యిమీద ఉప్పునీరు పొంగి చిందినప్పుడు మంట పసుపుపచ్చగా మారుట ప్రతి గృహిణియు ఎరుగును. ఆ పసుపు ఉప్పులోని సోడియము సంతకము, తరంగదైర్ఘ్యము 589.0, 589.6 నానోమీటర్లు గల జంటరేఖ. రేఖ యున్న చోటు మూలకమును తెలుపును. రేఖల కాంతుల నిష్పత్తి వేడిని తెలుపును. రేఖ వెడల్పు కణముల సాంద్రతను, వేగమును తెలుపును. కాని వెలుగు ఇన్ని సంగతులు చెప్పినను, అది చెప్పు భాష మనకు ముందే తెలిసి యుండవలెను. నిఘంటువు లేక గ్రంథము చదువబూనిన వాని పాట్లు ఎట్టివో ఈ శాస్త్రచరిత్రయే సాక్ష్యమిచ్చుచున్నది. అందొక ప్రధానఘట్టము మన తెలుగుగడ్డ మీదనే జరిగినది.

1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణము. ఛాయ మన దేశము నడ్డముగా దాటి గుంటూరు, మచిలీపట్టణముల మీదుగా సముద్రమున దిగినది. పారిసునుండి వచ్చిన జాన్‌సెన్ పండితుడు గుంటూరులో ఒక ఫ్రెంచి వర్తకుని ఇంట విడిసి, వర్ణపటదర్శినిని సూర్యుని అంచునకు త్రిప్పి నిలిచెను. ఆంగ్ల సైన్యపు ఇంజనీరగు టెన్నెంటు గుంటూరుననే మరియొక శిబిరము వేసెను. మదరాసు వేధశాలాధిపతి పాగ్సను మచిలీపట్టణమున నుండెను. ఆ వేధశాలలోనే సహాయకుడైన చింతామణి రఘునాథాచార్యులు నైజాము రాజ్యములోని వనపర్తికి ఒక బృందమును నడిపించెను. చంద్రబింబము సూర్యుని పూర్తిగా కప్పగానే అంచున ఎగయుచున్న జ్వాలల వెలుగు ప్రకాశరేఖలుగా విడివడెను. సూర్యజ్వాలలు మండుచున్న వాయువులే యని తేలెను. మరునాడు గ్రహణము లేకయే ఆ రేఖలను పట్టుకొను ఉపాయమును జాన్‌సెన్ గుంటూరులోనే సాధించెను. అక్టోబరులో లండనున లాకియరు వేరుగా అదే యుపాయమును కనుగొనగా, ఇరువురి లేఖలును ఒకే దినమున ఫ్రెంచి అకాడమీకి చేరెను.

ఆ రేఖలలో ఒకటి పసుపుపచ్చనిది. ఉప్పు పసుపే యని తోచుట సహజము. గ్రహణమునాడు గుంటూరు శిబిరములలో నుండినవారు అది కొత్త మూలకమని చాటలేదు. పిమ్మట జాగ్రత్తగా కొలువగా అది 587.6 నానోమీటర్ల యొద్ద నిలిచినది. సోడియమునకు దానికి భేదము ఒక్క నానోమీటరున్నర యైనను లేదు. ఆ కొద్దిపాటి భేదములో ఒక మూలకము దాగి యుండెను. సూర్యుని పేర దానికి హీలియమని పేరు పెట్టిరి. పెట్టినను చాలమంది నమ్మలేదు. ఏలన భూమిమీద ఏ ప్రయోగశాలలోను ఆ రేఖ నిచ్చు పదార్థము దొరకలేదు. 1895లో రామ్సే ఒక యురేనియపు ఖనిజమునుండి వెలువడిన వాయువును గాజుగొట్టములో వెలిగించి చూచునంతవరకు, అనగా ఇరువదియేడేండ్లు, ఆకాశమున వ్రాసిన మాటకు నేలపై అర్థము లేకపోయెను.

మరియొక ముచ్చట యింతకంటె చోద్యము. 1869లో అమెరికాలో కనబడిన గ్రహణమునాడు సూర్యుని కిరీటములో 530.3 నానోమీటర్ల యొద్ద ఆకుపచ్చని రేఖ కానవచ్చెను. తెలిసిన ఏ మూలకముతోను అది పొసగలేదు. హీలియము కథ ఫలించినది గనుక ఇదియు కొత్త మూలకమే యని కరోనియమను పేరు పెట్టి డెబ్బది యేండ్లు దానిని వెదకిరి. దొరకలేదు, లేనిది దొరకునా? 1940 ప్రాంతమున గ్రోట్రియను, ఎడ్లేను అను శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో కొలిచిన పరమాణుస్థితుల లెక్కలను పట్టుకొని చూడగా, అది మన నాగటికర్రులోని యినుమే యని తేలినది. కాకున్న, పదుమూడు ఎలక్ట్రానులు ఊడిపోయిన యినుము. ఇనుమున కట్టి గతి పట్టవలెనన్న సూర్యకిరీటము పదిలక్షల డిగ్రీలకు మించిన వేడితో నుండవలెను. ఆ వేడిని అంతకుముందు ఎవ్వరును ఊహింపలేదు. వెలుగు డెబ్బది యేండ్లుగా చెప్పుచునే యున్నది. చదువుటకు నిఘంటువే లేదు. ఈ రెండు కథలకు నడుమ, 1920లో, మన మేఘనాథ సాహా ఎంత వేడికి ఎంత పాలు పరమాణువులు ఎలక్ట్రానులను కోల్పోవునో లెక్కగట్టు సూత్రమును లోకమున కిచ్చెను. నక్షత్రముల నాడి పట్టువారందరును నేటికి ఆ సూత్రముతోనే పని మొదలు పెట్టుచున్నారు.

రేఖ యెక్కడ నున్నదో తెలిసినంత మాత్రమున చాలునా? చాలదు. ఒక రేఖ రెండింతలు వెలిగినచో అట్టి పరమాణువులు రెండింతలున్నవని యర్థమా, లేక ఆ పరమాణువునకు ఆ రేఖను వెదజల్లు స్వభావమే హెచ్చని యర్థమా? ఉత్తేజము పొందిన పరమాణువు సెకండునకు ఎన్నిమారులు ఆ వెలుగు నీయగలదో చెప్పు అంకెను సంక్రమణ సంభావ్యత యందురు. ఆ యంకెలో నూటికి ఇరువది తప్పున్నచో ప్లాస్మాలో మనము లెక్కించిన పరమాణువుల సంఖ్యలోను అంత తప్పు వచ్చును. పడికట్టురాయి తేలికైనప్పుడు తూచువాని చేయి ఎంత స్థిరముగా నున్న నేమి ప్రయోజనము?

ఈ యంకెలను నిక్కముగా కొలుచుటకు లేసరు వచ్చినది. 1960లో తొలి లేసరు వెలిగినది. రంగును కావలసినట్లు మార్చుకొనగల లేసరులు తరువాత వచ్చినవి. వీణతీగను శ్రుతి చేసినట్లు లేసరు కాంతిని పరమాణువు కోరిన తరంగదైర్ఘ్యమునకు సరిగా కూర్చి, క్షణములో లక్షలవ వంతు కంటెను పొట్టియైన దెబ్బగా దానిపై ప్రసరింపజేయుదురు. పరమాణువు ఆ కాంతిని మ్రింగి పైస్థితికి లేచును. లేసరు ఆగిన పిదప తాను మ్రింగిన దానిని మరల వెలుగుగా విడిచి క్రిందికి దిగును. ఆ వెలుగు ఎంతసేపటికి క్షీణించునో చూచినచో ఆ స్థితి యాయువు తెలియును. మన సోడియపు పసుపుస్థితి యాయువు సుమారు 16 నానోసెకండ్లు. నానోసెకండనగా సెకండులో నూరుకోట్లవ పాలు. పైస్థితినుండి దిగుటకు పెక్కు దారులున్నచో ఏ దారిన ఎంత వెలుగు పోవుచున్నదో వర్ణపటములో పంచి చూచెదరు. ఆయువును ఈ పంపకమును కలిపినచో కావలసిన సంభావ్యత చేతికి వచ్చును.

ఇందులో నొక చిక్కు కలదు. వేడి వాయువులోని పరమాణువులు ఊరక యుండవు. జొన్నాడ వంతెనపై ఎదురుగా వచ్చు లారీ కూత దగ్గరకు వచ్చునప్పుడొక స్థాయిలోను, దాటిపోవునప్పుడు వేరొక స్థాయిలోను వినబడునట్లు, మనవైపు పరుగెత్తు పరమాణువు రేఖ ఒక ప్రక్కకును, దూరముగా పోవుదాని రేఖ మరియొక ప్రక్కకును జరిగి, అన్నియు కలిసి సన్నని రేఖ అలికినట్లగును. 1970 తరువాతి యేండ్లలో దీనికొక చక్కని విరుగుడు వాడుకకు వచ్చినది. ఒకే లేసరును రెండు కిరణములుగా చీల్చి, వాయువుగుండ ఎదురెదురుగా పంపుదురు. ఇటునటు పరుగెత్తు పరమాణువునకు ఆ రెండు కిరణములును రెండు రంగులుగా తోచును. అటుగాని ఇటుగాని కదలనిదే రెండింటికిని ఒకేమారు పలుకును. ఆ పలుకును మాత్రమే ఏరుకొన్నచో అలుకుడు పోయి, రేఖలోపలి సూక్ష్మరేఖలు సైతము విడివిడిగా కానవచ్చును. కోలాహలమైన సంతలో కదలక నిలిచినవానిని ఇరువైపులనుండి ఒకేమారు పిలిచి గుర్తించుట వంటి దీ యుపాయము. మాకిది మిక్కిలి ముచ్చటగా తోచినది.

ఇట్లు కొలిచిన యంకెలు ఎవరికి గావలెను? ఫ్రాన్సు దేశమున ఏడు పక్షముల సమష్టి ధనముతో నిర్మింపబడుచున్న ఈటరు సంలీన యంత్రమునే తీసికొందము. 2005లో భారతదేశము అందు చేరినది. వ్యయములో సుమారు నూటికి తొమ్మిది పాళ్లు మనవి. ఆ యంత్రము నంతటిని కప్పు సుమారు 3,800 టన్నుల ఉక్కుగుమ్మటమును మన హజీరాలో సిద్ధపరచి పంపినారు. ఆ యంత్రపు టడుగుభాగమున, వేడి యంతయు వచ్చి తగులుచోట, టంగ్‌స్టను లోహపు కవచము. ఆ కవచమునుండి లోహము కొంచెము కొంచెముగా రాలి ప్లాస్మాలో కలిసినచో, లక్షకు కొన్ని పరమాణువులు చేరినను అవి వేడిని వెలుగుగా వెళ్లగ్రక్కి ప్లాస్మాను చల్లార్చును. కవచ మెంత వేగముగ అరుగుచున్నదో తెలియుటకు సంలీన పరిశోధకులు 400.9 నానోమీటర్ల యొద్ద టంగ్‌స్టను ఇచ్చు ఊదారేఖ కాంతిని కనిపెట్టుచుందురు. ఆ కాంతి నుండి రాలిన పరమాణువుల లెక్కకు పోవలెనన్న దారిలో పరమాణువు అంకెలే వంతెన. ఆ వంతెన బలహీనమైనచో వేలకోట్ల యంత్రము ఆయువును గూర్చి మనము చెప్పునది జోస్యమే యగును.

కొలత విలువ యెంతటిదో ఈ రంగము ఒకమారు కన్నులార చూచినది. 1968లో సోవియటు శాస్త్రజ్ఞులు తమ టి-3 యంత్రములో కోటి డిగ్రీల వేడిని సాధించితిమని చెప్పగా పాశ్చాత్యులు నమ్మలేదు. మాటలతో తీరని తగవది. మరుసటి యేట బ్రిటనులోని కల్‌హాము ప్రయోగశాలవారు తమ లేసరును మాస్కోకు మోసికొనిపోయి, ప్లాస్మాలోని ఎలక్ట్రానులపై ప్రసరింపజేసి, చెదరిన కాంతిని కొలిచి, సోవియటుల మాట నిజమని తాము స్వయముగా ప్రకటించిరి. రెండు కూటములు తుపాకులెక్కుపెట్టుకొని యున్న యా దినములలో ఒక వెలుగురేఖ తగవు తీర్చినది. నాటినుండి లోకమంతయు టోకమాకు యంత్రముల వైపు మొగ్గినది. గాంధీనగరపు ప్లాస్మా పరిశోధనాలయమున 1989నుండి నడచిన మన ఆదిత్య యంత్రమును ఆ వంశములోనిదే.

మన తెలుగువారికి ఈ విద్యలో వారసత్వము లేదా? కలదు, ఘనముగా కలదు. విజయనగరము మహారాజావారి కళాశాలలో ఎ. ఎల్. నారాయణ్ గారు వర్ణపట పరిశోధన నెలకొల్పిరి; వారే 1937లో కొడైకెనాలు సౌరవేధశాల కధిపతులైరి. వారి శిష్యులగు కొచ్చెర్లకోట రంగధామరావు గారు లండనులో ఫౌలరు పండితునికడ పరమాణు వర్ణపటములను శోధించి వచ్చి, వాల్తేరున ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రయోగశాలలను తీర్చిదిద్ది, దేశమంతటికి వర్ణపటశాస్త్రజ్ఞులను పంపిరి. గాలిలేని పెట్టెలో లోహమును వెలిగించి, ఛాయాఫలకముపై పడిన వేలరేఖలను కంటిచూపు క్షీణించువరకు ఒక్కొక్కటిగా కొలిచిన తరమది. వారు చేసినది నిఘంటునిర్మాణమే. ఆ తరువాత కాలము మారినది. రేఖలను కొలుచుట ముసలివిద్య యని చిన్నచూపు కలిగినది. పరిశోధనకు ధనమిచ్చువారికి కొత్తపేరు గల దానిపైననే మనసు. పిల్లలకు తొందరగా కొలువిచ్చు చదువే చదువైనది. ఎవరిని తప్పుపట్టవలెనో మేము చెప్పజాలము గాని, నష్టము మాత్రము మనదే.

ఒక ఆక్షేపణ వచ్చును. ఈ యంకెలను అమెరికా ప్రభుత్వపు ప్రమాణసంస్థ వారు పోగుచేసి లోకమునకు ఉచితముగా పంచుచుండగా మరల మనమేల కొలువవలెను? వినసొంపైన వాదమే. కాని ఆ పట్టికను తెరచి చూచినవా రెరుగుదురు. ప్రతి యంకె ప్రక్కనను అది యెంతవరకు నమ్మదగినదో తెలుపు గుర్తు కలదు. టంగ్‌స్టను వంటి బరువుమూలకముల విషయమున ఖాళీలును, నూటికి పది, ఇరువది పాళ్లు సందేహము గల యంకెలును ఇంకను మెండు. విస్కాన్సిను, లుండు విశ్వవిద్యాలయములవారు దశాబ్దములుగా లేసరులతో ఆయువులు కొలుచుచునే యున్నారు, పని ముగియలేదు. అదియుగాక, నిఘంటువు కూర్చినవానికే ఏ పదమున కెంత సందేహమున్నదో తెలియును. ఈటరునకు మనము పంపవలసిన వానిలో ప్లాస్మా నాడి పట్టు వర్ణపట యంత్రములును కలవు. ఉక్కును మలచి పంపుదుము, అద్దములను అమర్చి పంపుదుము, తుదకు వానిలో పడిన వెలుగునకు అర్థము చెప్పుమని పరుల మొగము చూతుమా?

ఈ విద్య సంలీనమునకే గాక ఇంటిపనులకును అక్కరకు వచ్చును. 2023 జూలై 14న మన శ్రీహరికోటనుండి లేచిన చంద్రయాను-3 చంద్రుని దక్షిణధ్రువ ప్రాంతమున దిగి, దానిలోని ప్రజ్ఞాన్ బండి లేసరు దెబ్బతో అక్కడి మట్టిని చిటికెడు ప్లాస్మాగా మార్చి, ఆ వెలుగును చదివి, గంధకమున్నదని చెప్పినది. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఇదే పద్ధతితో పేలుడు పదార్థములను దూరమునుండి గుర్తించు పరిశోధన సాగినది. చంద్రుని మట్టిని చదివిన విద్య మన డెల్టా మట్టిలోని జింకును, ఇనుమును చదువలేదా? చదువును, చదువువారు కావలెను.

మేము కోరునది మహాయంత్రములు కాదు. కనుచూపున కందు రంగులలోను, దానికి చేరువ రంగులలోను పనిచేయు చిన్న డయోడు లేసరు నేడు మునుపటివలె రాజులకు మాత్రమే దక్కు వస్తువు కాదు. లోహపు పరమాణువులను వెలిగించు బోలుకాథోడు దీపమును రసాయన పరీక్షాలయములలో వాడుకలో నున్నదే. వాల్తేరున నొకటి, రాజమహేంద్రవరమున నన్నయ విశ్వవిద్యాలయమున నొకటి, పరమాణువుల ఆయువులు కొలుచు చిన్న ప్రయోగశాలలు నెలకొల్పి, పదియేండ్లు కదపక పోషింపవలెను. పదియేండ్లన్నది మేము ఊరక అన్నమాట కాదు. ఈ పనిలో నిలుకడయే మూలధనము, ఏటేట మారు పథకములతో ఇది సాగదు. గాంధీనగరము వారు తమకు ఏ రేఖల యంకెలు సందేహముగా నున్నవో పట్టిక వ్రాసి యీయవలెను. ఇచ్చట కొలిచినది అచ్చట పరీక్షకు నిలువవలెను.

గౌతమి కిరువైపుల గల కళాశాలలలో భౌతికశాస్త్రము చదువు ప్రతి విద్యార్థియు చీకటిగదిలో సోడియము దీపము ముందు కూర్చుండి, గీతలపలకతో ఆ పసుపు జంటను విడదీసి, అంకెలను పుస్తకములో వ్రాసికొనుచున్నాడు. అంకె పుస్తకములో నున్న దానితో సరిపోయినచో మార్కులు వచ్చును. సరిపోకున్న, సరిపోవునట్లు దిద్దుకొనుటయు పలుచోట్ల ఆచారమైనది. ఈ దిద్దుబాటును మాన్పించి, సరిపోనిచో ఏల సరిపోలేదో తరచి చూడుమని చెప్పు అధ్యాపకుడు ప్రతి కళాశాలకు నొక్కడున్నను, పైని మేము కోరిన ప్రయోగశాలలకు మనుష్యులను వెదకవలసిన పని యుండదు.